బాపు ఉద్యోగం నాకొస్తోంది, బొగ్గే ఉండదంటున్నారు. చేరనా వద్దా?

ఖని_కుర్రాడు
మాది గోదావరిఖని. బాపు సింగరేణిలో అండర్‌గ్రౌండ్ కార్మికుడు. ఒంట్లో బాగుండక మెడికల్ బోర్డుకు వెళ్తే అన్‌ఫిట్ చేశారు. కారుణ్య నియామకం కింద ఆ ఉద్యోగం ఇప్పుడు నాకొస్తుంది. నేను బీటెక్ ట్రిపుల్ ఈ చేసి హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ కంపెనీలో చేస్తున్నా. జీతం హాస్టల్‌కీ, బండి పెట్రోల్‌కీ, ఇంటికి పంపడానికీ సరిపోతుంది. నెలాఖరుకు జేబులో ఏమీ మిగలదు.

ఇంట్లో అందరూ చేరమనే అంటున్నారు. రూమ్మేట్ మాత్రం "పిచ్చోడివా? దుబాయ్‌లో దేశాలన్నీ కూర్చుని బొగ్గు, చమురు, గ్యాస్ వదిలేద్దామని రాసుకున్నాయి. ఇండియా 2070కి నెట్ జీరో (వదిలే కార్బన్, పీల్చే కార్బన్ సరిసమానం) అంది. నీకింకా ముప్ఫై నిండలేదు. సగం సర్వీసులో గని మూసేస్తే అప్పుడెవడిస్తాడు ఉద్యోగం" అని రోజూ ఇదే పాట. బాపునడిగితే "నేను చేరినప్పుడు కూడా ఇట్లనే అన్నరు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఈ కాప్ (ఐక్యరాజ్యసమితి వాతావరణ) సమావేశాలు, ఒప్పందాల వల్ల నిజంగా గనులు మూతపడతాయా? పార్టీల గొడవ వద్దు. తెలిసినవాళ్ళు చెప్పండి.

తలతిక్క_తాతారావు
"పార్టీల గొడవ వద్దు" అని మొదలైన థ్రెడ్ ఏదీ ఇక్కడ తాళం పడకుండా ముగియలేదు. మరమరాలు కలుపుకుని కూర్చున్నా, కానివ్వండి.

కరెంటోడు
మీ రూమ్మేట్ హెడ్డింగ్ చదివి వార్త చదవలేదు. 2023 డిసెంబర్‌లో దుబాయ్‌లో ఒప్పుకున్నది ఇంధన వ్యవస్థల్లో శిలాజ ఇంధనాల నుంచి ఒక పద్ధతి ప్రకారం పక్కకు జరగాలని. ఎవరు, ఏ ఏడాదికి, ఎన్ని టన్నులు తగ్గించాలన్నది అందులో లేదు. తగ్గించకపోతే జరిమానా లేదు. ఆ సమావేశానికి అధ్యక్షత వహించిన సుల్తాన్ అల్ జాబర్ అబుదాబి ప్రభుత్వ చమురు కంపెనీ అధిపతి. ఇక మీరే అర్థం చేసుకోండి.

2015 నాటి పారిస్ ఒప్పందం పద్ధతే అంత. ఎవరి లక్ష్యం వాళ్ళే రాసుకుంటారు, ఐదేళ్ళకోసారి తిరగరాస్తారు. 2030కల్లా కరెంటు స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతరంగా ఉండాలని మనం రాసుకున్నాం, అది 2025లోనే అయిపోయింది. కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. వాడే యూనిట్లలో ఇప్పటికీ 70 శాతం దాకా బొగ్గు నుంచే వస్తోంది. నేను చేసేది లోడ్ డిస్పాచ్‌లో, అంటే కరెంటు ఉత్పత్తినీ వాడకాన్నీ సరిచూసే చోట. మిట్టమధ్యాహ్నం సోలార్ పొంగిపొర్లుతుంటే థర్మల్ వాళ్ళకు ఫోన్ చేసి తగ్గించండి అంటాం. సాయంత్రం ఆరు దాటి ఇళ్ళలో లైట్లు, ఏసీలు వేసేసరికి అదే ప్లాంటుకు ఫోన్ చేసి పెంచండి బాబూ అని బతిమాలతాం. ఈ సాయంత్రం సంగతి తేలేదాకా గని ఎక్కడికీ పోదు.

2024-25లో దేశంలో బొగ్గు ఉత్పత్తి 100 కోట్ల టన్నులు దాటింది. కళ్ళు మూసుకుని చేరిపో తమ్ముడూ.

భూమాత_బంటు
@కరెంటోడు జరిమానా లేదు కాబట్టి ఉత్త కాగితం అన్నట్టు మాట్లాడారు, అది ఒప్పుకోను. పారిస్ ముందు ఈ శతాబ్దం చివరికి 3.5 డిగ్రీల దాకా వేడెక్కుతామన్న అంచనా ఉండేది, ఇప్పుడది 3 లోపుకు దిగింది. చాలదు, నిజమే. 2024 ఏడాది సగటు పారిస్‌లో అనుకున్న 1.5 డిగ్రీల హద్దును దాటింది కూడా. కానీ దిగింది కదా.

ఒప్పందాలు పనిచేయవంటారా? 1987 మాంట్రియల్ ఒప్పందం చూడండి. ఓజోన్ పొరను తినేసే ఫ్రిజ్ వాయువులను ప్రపంచమంతా మానేసింది. పేద దేశాలకు పదేళ్ళ వెసులుబాటు ఇచ్చారు, మార్పు ఖర్చుకు ఫండ్ పెట్టారు, ఒప్పందంలో చేరని దేశాలతో ఆ సరుకు వ్యాపారం ఆపారు. కుర్రాడికి "కళ్ళు మూసుకుని చేరు" అని చెప్పడం మంచిది కాదు. రామగుండం ఎండ గురించి అతనికి నేను చెప్పక్కర్లేదు.

లెక్కల_మాస్టారు
@భూమాత_బంటు మాంట్రియల్ ఉదాహరణ అందరూ తెస్తారు, ఇక్కడ నప్పదు. ఆ వాయువులు తయారుచేసేవి గుప్పెడు కంపెనీలు, వాటి దగ్గరే బదులు వాయువు కూడా ఉంది. బొగ్గు అలా కాదు. సిమెంటు, ఉక్కు, ఇటుక బట్టీ, రైలు సరుకు ఆదాయం, రాష్ట్రానికి రాయల్టీ, అన్నీ దానికే వేలాడుతున్నాయి.

పైగా న్యాయం సంగతి. సగటు అమెరికన్ ఏడాదికి 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు, మనవాడు 2 టన్నులు. విందు తిని చేతులు కడుక్కున్నవాళ్ళు, ఇప్పుడే విస్తరి ముందు కూర్చున్నవాడికి ఉపవాసం గొప్పతనం చెబుతున్నారు. 2009లో కోపెన్‌హాగన్‌లో ఏటా 10 వేల కోట్ల డాలర్లు ఇస్తామన్నారు, 2020 గడువు. ఆ మొత్తం కూడింది 2022లో, అందులోనూ చాలావరకు అప్పులే. 2024లో బాకూ కాప్‌లో పేద దేశాలు ఏటా 1.3 లక్షల కోట్ల డాలర్లు అడిగితే 2035కల్లా ఏటా 30 వేల కోట్లు అన్నారు. మన ప్రతినిధి చాందనీ రైనా లేచి ఇది కంటికి కట్టిన భ్రమ అని మొహం మీదే చెప్పారు, కానీ అప్పటికే అందరూ ఒప్పుకున్నట్టు సుత్తి కొట్టేశారు.

టెక్సాస్_తెలుగోడు
మాస్టారూ మా పరువు తీస్తున్నారు :) ఇక్కడ ఒకాయన (ట్రంప్) పారిస్ నుంచి ఒకసారి బయటికొచ్చాడు, ఇంకొకాయన (బైడెన్) మళ్ళీ చేరాడు, మొదటాయన తిరిగొచ్చి 2025 జనవరిలో ప్రమాణం చేసిన రోజే మళ్ళీ బయటికని సంతకం పెట్టాడు. అయితే తమాషా ఏంటంటే, చమురుకు పేరుపడ్డ మా టెక్సాసే అమెరికాలో గాలి కరెంటులో నంబర్ వన్. ఎవరూ పర్యావరణం మీద ప్రేమతో పెట్టలేదు. గాలి ఉంది, భూమి ఉంది, చవగ్గా వస్తోంది, రైతుకు టవర్‌కింత అని అద్దె వస్తోంది. అందుకే నేనంటాను, ఒప్పందాలను కాదు, యూనిట్ ధరను చూడు.

కరెంటోడు
@టెక్సాస్_తెలుగోడు మీ మాటే ఇక్కడా. 2020 చివర్లో గుజరాత్‌లో సోలార్ వేలం యూనిట్ 1.99కి పోయింది. బ్యాటరీతో కలిపి టెండర్లు ఇప్పుడు మూడున్నర రూపాయల దరిదాపుల్లో వస్తున్నాయి. కొత్త థర్మల్ ప్లాంటు కట్టి ఆ ధరకు కరెంటు ఇవ్వమంటే ఎవరూ ఇవ్వలేరు. ఇది ఒప్పుకుంటాను.

భూమాత_బంటు
మరి ఇందాక గని ఎక్కడికీ పోదన్నారు?

కరెంటోడు
కొత్తది కట్టడం వేరు, కట్టిందాన్ని ఆపడం వేరు. రామగుండంలో కొత్త 1600 మెగావాట్లు 2024 నాటికే నడుస్తున్నాయి. దామరచర్ల దగ్గర యాదాద్రి ప్లాంటు 4000 మెగావాట్లు. వీటి మీద పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే పాతికేళ్ళు నడవాలి. అంటే పాతికేళ్ళు బొగ్గు కావాలి. తమ్ముడి సర్వీసులో చాలాభాగం అదే కదా.

పాలొంచ_పోరి
మా ఊరి ముచ్చట చెప్తా. పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ ప్లాంటు) కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో కూల్చేశారు. మేమంతా డాబాల మీదికెక్కి చూశాం. సైరన్ మోగింది, కింద వరసగా పటపటమన్నాయి, టవర్లు నడుములు విరిగినట్టు కూలబడ్డాయి. దుమ్ము మా దాకా వచ్చింది, మా నానమ్మ ఆరేసిన ఒడియాలు మొత్తం పాడయ్యాయి. ఆమె తిట్లు ఇక్కడ రాస్తే మోడరేటర్ ఊరుకోడు.

చెప్పొచ్చేదేమంటే, వాటిని కూల్చింది పారిస్సూ కాదు, దుబాయ్యూ కాదు. ముసలివైపోయాయి, అంతే. అందులో చేసినవాళ్ళని ఏడో దశకూ, ఇతర ప్లాంట్లకూ సర్దారు. పర్మినెంట్ వాళ్ళని. బూడిద లారీల మీద బతికినవాళ్ళు, ప్లాంటు గేటు ముందు టిఫిన్ బండ్లవాళ్ళు ఏ లెక్కలోనూ లేరు.

గోదారి_గట్టు
పోరి చివర్లో అన్నదే అసలు పాయింటు. ఇందాకటి నుంచి అందరూ కాప్, కాప్ అంటున్నారు. సింగరేణిలో ఒకప్పుడు లక్షకు పైగా కార్మికులు. ఇప్పుడు 40 వేల దగ్గర. బొగ్గు తగ్గిందా? లేదు, పెరిగింది. ఏటా 7 కోట్ల టన్నుల దాకా తీస్తున్నారు. మరి మిగతా 60 వేల ఉద్యోగాలను తిన్నది ఏ వాతావరణ ఒప్పందం?

ఓపెన్‌కాస్ట్ (ఓసీ, అంటే పైనుంచి తవ్వే గని) తిన్నది. అండర్‌గ్రౌండ్‌లో తట్ట మోసినవాడి బదులు మూడంతస్తుల ఎత్తు డంపర్ వచ్చింది. ఓబీ మట్టి, అంటే బొగ్గు మీదున్న మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టుకు పోయింది. 2024 దసరాకు పర్మినెంట్ వాళ్ళకు లాభాల్లో 33 శాతం వాటా, సగటున లక్షా తొంభై వేలు. అదే బొగ్గు మీద పనిచేసే కాంట్రాక్ట్ కార్మికుడికి 5 వేలు. అదీ మొట్టమొదటిసారి ఇచ్చారు. ఈ తేడా గురించి బాకూలో ఎవరూ లేచి మాట్లాడరు.

@ఖని_కుర్రాడు నీకు వచ్చేది పర్మినెంట్ ఉద్యోగం. ఆ జాతి అంతరించిపోతోంది. దొరికింది పట్టుకో.

తలతిక్క_తాతారావు
పులుల్లాగా పర్మినెంట్ ఉద్యోగులకు కూడా ఒక అభయారణ్యం కట్టాలి. కవ్వాల్ పక్కనే, చోటు ఉంది.

రూర్_తెలుగమ్మాయి
నేను జర్మనీలో ఎస్సెన్‌లో ఉంటాను. రూర్ ప్రాంతం. ఒకప్పుడు ఇదంతా గోదావరిఖనే, పదింతల పెద్దది. 1950ల్లో జర్మనీలో బొగ్గు గనుల్లో 6 లక్షల మంది పనిచేశారు. చిట్టచివరి నల్లబొగ్గు గని బాట్రాప్ అనే ఊళ్ళో 2018 డిసెంబర్‌లో మూతపడింది. చివరి బొగ్గు గడ్డను కార్మికులు పైకి తెచ్చి దేశాధ్యక్షుడి చేతిలో పెట్టారు. టీవీలో చూసి మా పక్కింటాయన ఏడ్చాడు, ఆయన గని ఎలక్ట్రీషియన్.

మీ చర్చకు పనికొచ్చే సంగతులు చెబుతా. ఇక్కడ గనులు వాతావరణం కోసం మూయలేదు. లోతు ఎక్కువ, ఖర్చు ఎక్కువ, బయటి బొగ్గు చవక. సబ్సిడీ ఇస్తూ లాగారు, 2007లో ఇక 2018తో ఆపేద్దామని నిర్ణయించారు. ఇంట్లో గని మూసి బయటినుంచి బొగ్గు తెచ్చుకుని కాల్చారు, ఇది మాత్రం ఇక్కడివాళ్ళు గట్టిగా చెప్పుకోరు. లిగ్నైట్ (నాసిరకం గోధుమరంగు బొగ్గు) గనులు ఇంకా ఉన్నాయి, గడువు 2038.

కానీ మనుషులను చూసుకున్న తీరు మెచ్చుకోవాలి. తొలి సంక్షోభం 1958లో వస్తే చివరి గని మూసేసరికి 60 ఏళ్ళు పట్టింది. ఒక గని మూస్తే అందులోని వాళ్ళని ఇంకో గనికి మార్చారు, యాభై దాటినవాళ్ళకు రిటైర్మెంట్ వయసు వచ్చేదాకా నెలనెలా డబ్బిచ్చి ఇంటికి పంపారు. యూనియన్ ఎప్పుడూ బల్ల దగ్గరే కూర్చుంది. 1960ల దాకా ఈ ప్రాంతంలో ఒక్క యూనివర్సిటీ లేదు. గనులు మూతపడడం మొదలయ్యాక బోకుమ్‌లో, డార్ట్‌మండ్‌లో పెట్టారు. మన తెలుగు పిల్లలు ఇప్పుడు ఎంఎస్‌కి వస్తున్నది వాటికే.

అంతా బాగుందని కాదు. బోకుమ్‌లో గని స్థలంలో కార్ల ఫ్యాక్టరీ తెచ్చారు, 2014లో అదీ మూతపడింది. గెల్సెన్‌కిర్హెన్‌లో నిరుద్యోగం ఈ రోజుకీ దేశంలోనే ఎక్కువ. ఇంకోటి, గనులు తవ్వి తవ్వి ఇక్కడ నేల మీటర్ల కొద్దీ కుంగింది. పంపులు ఆపితే ఊళ్ళకు ఊళ్ళు చెరువులవుతాయి. అందుకే బొగ్గు ఆగిపోయినా నీళ్ళు తోడడం ఆగదు, ఎప్పటికీ. ఆ ఖర్చుకోసం గని కంపెనీ ఆస్తులతో విడిగా ఒక ఫౌండేషన్ పెట్టారు. మన దగ్గర ఓసీల్లో నీళ్ళు నిండితే ఎవరు చూసుకుంటారో ఇప్పుడే అడగండి.

గోదారి_గట్టు
@రూర్_తెలుగమ్మాయి ఈ పోస్టు ప్రింట్ తీసి మా యూనియన్ ఆఫీసులో అంటిస్తా. 60 ఏళ్ళు! మన దగ్గర నోటీసు బోర్డు మీద అంటించి 60 రోజులిస్తే గొప్ప.

లెక్కల_మాస్టారు
మంచి పోస్టు. కానీ జర్మనీ దగ్గర డబ్బుంది కాబట్టి అంత చేసింది. బొగ్గు ప్రాంతాలకు 4 వేల కోట్ల యూరోలు కేటాయించారు. మనకెవరిస్తారు?

దక్షిణాఫ్రికాను చూడండి. 2021లో ధనిక దేశాలు 850 కోట్ల డాలర్లు ఇస్తామని అట్టహాసంగా ప్రకటించాయి. 2022లో కొమాటి అనే ముసలి థర్మల్ ప్లాంటు మూశారు. అక్కడ ట్రైనింగ్ సెంటర్, సోలార్, కూరగాయల తోటలు అని చెప్పారు. ప్లాంటు మీద బతికిన ఊరు నీరసించిపోయింది, దాంతో మిగతా ప్లాంట్లవాళ్ళు మావి మూయొద్దని ఎదురుతిరిగారు.

ఓర్వకల్లు_వాడు
బొగ్గు పోతే సోలార్‌లో ఉద్యోగాలొస్తాయి అనేవాళ్ళకు ఒక మాట. మా ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, 2017లో పూర్తయినప్పుడు ఒకేచోట ఉన్న పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దదన్నారు. దాదాపు 6 వేల ఎకరాలు. కట్టేటప్పుడు జాతరే. బీహార్ నుంచి, ఒడిశా నుంచి వేల మంది వచ్చారు, మా ఊళ్ళో గది అద్దెలు రెట్టింపయ్యాయి. కట్టడం అయ్యాక? గేటు దగ్గర సెక్యూరిటీ, గడ్డి కోసేవాళ్ళు, తెల్లారకముందే ట్యాంకరుతో వచ్చి ప్లేట్లు కడిగేవాళ్ళు. ఎండెక్కాక చల్లనీళ్ళు పోస్తే అద్దం చిట్లుతుందని ఆ టైమ్. ఇంకా లోపల ఇన్వర్టర్లు చూసే ఇంజనీర్లు కొద్దిమంది. ఇప్పుడు కడగడానికి కూడా చక్రాల బ్రష్షులు వస్తున్నాయి.

తప్పు పట్టడం లేదు. పొగ లేదు, చప్పుడు లేదు. కానీ సింగరేణి ఒక్క ఓసీలో ఉండే మనుషులంత మంది మొత్తం పార్కులో ఉండరు. గొర్రెలు మేపుకునేవాళ్ళకు బీడు పోయింది, అది వేరే కథ.

భూమాత_బంటు
@ఓర్వకల్లు_వాడు మరి పక్కనే పిన్నాపురం? 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ. పగలు సోలార్‌తో నీళ్ళు కొండమీదికెక్కించి రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారు. @కరెంటోడు గారి సాయంత్రం సమస్యకు అదే జవాబు. ఈ పనులకు టన్నెల్ తవ్వేవాళ్ళు కావాలి, బ్లాస్టింగ్ తెలిసినవాళ్ళు కావాలి, భారీ మోటార్లు, పంపులు చూసేవాళ్ళు కావాలి. గని కార్మికుడికి ఇవన్నీ చేతిలో ఉన్న పనులే.

కరెంటోడు
ఇది మాత్రం కొట్టిపారేయలేను. పాత ఓసీ గుంతలనే కింది రిజర్వాయర్‌గా వాడే ఆలోచన కూడా ఉంది. అయితే ఆలోచన వేరు, టెండర్ వేరు.

కాకరాపల్లి_కొంగ
అందరూ బొగ్గు పోతే ఏమవుతుందో చెబుతున్నారు. బొగ్గు వస్తే ఏమవుతుందో మా సిక్కోలోళ్ళని అడగండి. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్నందుకు పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు చచ్చిపోయారు. బీల అంటే పనికిరాని బురద నేల అని కాగితాల మీద రాశారు. మాకది చేపలు, గడ్డి, పొలాలకు నీళ్ళు. అప్పటికి పారిస్ ఒప్పందం పుట్టలేదు. "బొగ్గు వద్దు" అని ముందుగా అన్నది గ్లాస్గో కాప్‌లో కోటు వేసుకున్నవాళ్ళు కాదు, మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డ రైతులు.

గోదారి_గట్టు
@కాకరాపల్లి_కొంగ ఒప్పుకుంటా. మాకూ బొగ్గు మీద మోజేం లేదు. ఓసీల పక్క ఊళ్ళలో బ్లాస్టింగ్‌కి ఇల్లు అదరడం, అన్నం గిన్నె మీద దుమ్ము, ఇవన్నీ పడేది మేమే. కానీ దాన్ని ఆపేటప్పుడు మమ్మల్ని కూడా లెక్కలో వేయమంటున్నాం.

ఉక్కు_వెంకట్
వైజాగ్ నుంచి. ఒప్పందాలకు కోరలు లేవని ధీమాగా ఉన్నారు, కోరలు వేరే నోట్లో మొలుస్తున్నాయి. ఐరోపా వాళ్ళు 2026 జనవరి నుంచి బయటినుంచి వచ్చే ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల మీద కార్బన్ పన్ను అమల్లోకి తెచ్చారు. మాది చిన్న కాస్టింగ్ యూనిట్. అక్కడి కొనుగోలుదారు పంపే ఎక్సెల్ షీట్ నింపడానికి మా అకౌంటెంట్ తల పట్టుకుంటున్నాడు. ఏ ఫర్నేసులో ఎంత కరెంటు, ఆ కరెంటు ఎక్కడిది, ఒక్కో టన్నుకు ఎంత పొగ, అన్నీ రాయాలి. బొగ్గు కరెంటైతే ఆ షీట్‌లో పొగ అంకె పెరుగుతుంది. ఇది ఏ కాప్‌లోనూ మనం ఒప్పుకున్నది కాదు. అయినా మెడకు చుట్టుకుంది. బొగ్గుకు దెబ్బ ఇటునుంచి వస్తుంది చూడండి.

టెక్సాస్_తెలుగోడు
ఇది దొడ్డిదారి సుంకం. పర్యావరణం పేరుతో వాళ్ళ ఫ్యాక్టరీలను కాపాడుకోవడం.

ఉక్కు_వెంకట్
@టెక్సాస్_తెలుగోడు కావచ్చు. మీరన్నది ఆ షీట్‌లో ఏ గడిలో రాయమంటారు?

మోడరేటర్_2
ఒక పార్టీ ప్రస్తావనతో వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. కుర్రాడి ప్రశ్న మీద ఉండండి.

తలతిక్క_తాతారావు
మూడేనా? పందెంలో ఐదన్నా.

ఖని_కుర్రాడు
ఇన్ని పోస్టులొస్తాయనుకోలేదు. రూర్ అక్క రాసింది బాపుకు చదివి వినిపించా. "నెలనెలా డబ్బిచ్చి ఇంటికి పంపిన్రా?" అని రెండుసార్లు అడిగాడు. మన బొగ్గు గనుల పెన్షన్ 1998 స్కీముది, ఒకసారి ఫిక్సయితే మళ్ళీ పెరగదు. మా గల్లీలో రిటైరైన పెద్దమనుషుల్లో కొందరికి వచ్చే పెన్షన్ మందులకు కూడా చాలదు.

ఒక సందేహం. నాకు ఎలక్ట్రికల్ డిగ్రీ ఉంది కాబట్టి సింగరేణి సోలార్ ప్లాంట్లలోనో, సింగరేణిదే జైపూర్ పవర్ ప్లాంటులోనో పోస్టింగ్ అడగొచ్చా? లేక గనిలోకే పంపుతారా?

గోదారి_గట్టు
డిగ్రీ ఉన్నా మొదట మామూలు కార్మికుడిగానే చేరాలి, ఎక్కువమంది అండర్‌గ్రౌండ్‌కే వెళ్తారు. ఎంటెక్ చేసినవాళ్ళు కూడా టోపీ లైటు కట్టుకుని దిగుతున్నారు. తర్వాత లోపలివాళ్ళకు ఇంటర్నల్ నోటిఫికేషన్లు పడతాయి, పరీక్ష రాసి ఎలక్ట్రికల్ వైపు మారొచ్చు. మారినవాళ్ళు ఉన్నారు. మస్టర్లు (హాజరు) మాత్రం పడేట్టు చూసుకో. మొదటి ఏడాది నాగాలు కొట్టి ఉద్యోగం మీదికి తెచ్చుకున్న కుర్రాళ్ళు మా దగ్గర బోలెడు.

లెక్కల_మాస్టారు
"మనకెవరిస్తారు డబ్బు" అని ఇందాక నేనే అడిగాను. ఒక లెక్క చూడండి.

2010లో కేంద్రం బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్ వేసింది, స్వచ్ఛ ఇంధనాల కోసమని. పెంచుకుంటూ పోయి 2016కి 400 చేసింది. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ 400ను రాష్ట్రాల పరిహారం ఖాతాలో కలిపేశారు. స్వచ్ఛం పోయింది, సెస్ మిగిలింది. 2025 సెప్టెంబర్‌లో ఆ సెస్ తీసేసి బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతం చేశారు.

సింగరేణి ఏడాదికి 7 కోట్ల టన్నులు. టన్నుకు 400 చొప్పున 2800 కోట్లు. ఒక్క ఏడాదికి, ఒక్క సింగరేణి బొగ్గు మీద. 2024 దసరాకు కార్మికులందరికీ కలిపి పంచిన లాభాల వాటా 796 కోట్లు, దానికి మూడున్నర రెట్లు ఇది. అందులో నాలుగో వంతు పక్కన పెట్టినా ఇప్పటికి ఖనికీ, మందమర్రికీ, భూపాలపల్లికీ, కొత్తగూడేనికీ ఒక నిధి తయారయ్యేది. బాకూ దాకా పోయి చెయ్యి చాచక్కర్లేదు.

భూమాత_బంటు
మాస్టారూ, మొదటిసారి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నా. అయినా చెయ్యి చాచడం కూడా మానకూడదు. 2025 నవంబర్‌లో బ్రెజిల్‌లోని బెలేం కాప్‌లో 80కి పైగా దేశాలు శిలాజ ఇంధనాల నుంచి బయటపడే రోడ్‌మ్యాప్ కావాలన్నాయి. చివరి పాఠంలో ఆ మాటే లేకుండా పోయింది. కానీ కార్మికులకు అన్యాయం జరగకుండా మార్పు ఎలా అన్నదాని మీద ఒక యంత్రాంగం పెట్టడానికి ఒప్పుకున్నారు. యూనియన్లు ఏళ్ళ తరబడి అడుగుతున్నది అదే.

గోదారి_గట్టు
అందులో డబ్బుందా?

భూమాత_బంటు
ప్రస్తుతానికి కొత్త డబ్బు లేదు.

గోదారి_గట్టు
అయితే మాస్టారి సెస్ లెక్కే మాకు దగ్గర.

కరెంటోడు
మాస్టారి లెక్కకు చిన్న సవరణ. ఆ 400 చివరికి కట్టేది కంపెనీ కాదు, బిల్లులో మనమే. సింగరేణి బొగ్గు అసలే కోల్ ఇండియా కంటే ఖరీదు. నిధి పేరుతో మళ్ళీ సెస్ వేస్తే కొనేవాళ్ళు ఒడిశా బొగ్గు వైపు చూస్తారు. అందుకే సింగరేణి కూడా ఒడిశా వెళ్ళి నైనీ అనే బొగ్గు బ్లాకు తెచ్చుకుంది, 2025లో తవ్వడం మొదలైంది.

లెక్కల_మాస్టారు
@కరెంటోడు కొత్త సెస్ వేయమనడం లేదండీ. ఇప్పుడు 18 శాతం జీఎస్టీ వస్తోంది కదా, అందులో ఒక వాటా. ఒడిశా బొగ్గు మీదా అంతే పన్ను, పోటీ ఎక్కడ చెడింది?

పాలొంచ_పోరి
@ఖని_కుర్రాడు నైనీకి ట్రాన్స్‌ఫర్ చేస్తే పోతావా? మా అన్నయ్య ఫ్రెండ్స్‌లో ఇదే చర్చ. ఒడియా నేర్చుకోవాలట.

ఖని_కుర్రాడు
ముందు ఖనిలో దిగనీ అక్కా. కాగితాలు ఇచ్చి వచ్చా, ఇంకా మెడికల్ పిలవాలి. హైదరాబాద్ జాబ్ అప్పటిదాకా వదలను. సెస్ లెక్క మాస్టారు మళ్ళీ ఒకసారి ఏడాది వారీగా పెడతారా? గోదారి అన్న యూనియన్ మీటింగ్‌లో అడుగుతానన్నాడు, నోటి లెక్క అంటే అక్కడ పెద్దలు కొట్టిపారేస్తారు.

లెక్కల_మాస్టారు
ఆదివారం కూర్చుని వేస్తా. టన్నేజీ కంపెనీ వార్షిక నివేదికల్లో ఉంటుంది, సెస్ రేటు బడ్జెట్ కాగితాల్లో ఉంటుంది. 2010 నుంచి వేయాలంటే మధ్యలో రేటు మూడుసార్లు మారింది, అది చూసుకోవాలి.

గోదారి_గట్టు
ఎక్సెల్ వద్దు మాస్టారూ, ఫోటో తీసి పెట్టండి. మా దగ్గర అందరివీ వాట్సాప్ ఫోన్లే.